కాగితం అంచు

సదువుకునే బాబుల్లారా, షిప్టు దిగొచ్చిన అన్నల్లారా, ఇనండి. పొట్టకొచ్చిన వరి మీద బుల్డోజరు ఎక్కించడం నాను కళ్లారా సూసినాను. అదెలాగయిందో సెప్తాను.

డెబ్బయి తొమ్మిదిలో ఓ కంపెనీ గోడౌన్ల కోసం మా భూములు తీసుకుంటామని కూర్మన్నపాలెం జంక్షన్లో గోడకి మ్యాపు అంటించినారు. ఎర్రగీత లోపల మా ఊరు ఎర్రమెట్ట ఉంది. పక్కన మేం నీళ్లు తెచ్చుకునే గెడ్డ, అదే సిన్న ఏరు, ఉంది. గెడ్డ అవతల దాలమ్మపేట మాత్తరం లేదు. ఎర్రగీత కాగితం అంచు దాకా ఎళ్లింది, అక్కడితో కాగితం అయిపోయింది.

దాలమ్మపేటోళ్లు ఆ రోజే అమ్మోరికి కోడిని కోసీసినారు. "మ్యాపులో మేం నేం, బతికిపోనాం బావా!" అని ఆ ఊరి పెద్ద కామరాజు మా ఊరి ఎల్లాజీ వీపు తట్టినాడు. భూమి ఇవ్వనోళ్లు నెల లోపల అర్జీ పెట్టుకోమని ఆఫీసోళ్లంటే మేం పెట్టినాం, ఆళ్లు పెట్టలేదు.

రోడ్డు మీద కూకుందాం, మీరూ రండని ఎల్లాజీ పిలిసినాడు.

"పోయింది మీ భూమి. మాకెందుకురా లాఠీ దెబ్బలు?" అన్నాడు కామరాజు.

మేం రోడ్డు మీద కూకుంటే పోలీసోళ్ల లాఠీకి మా ఊరి జోగమ్మ తల పగిలింది. ఆళ్లు గెడ్డ అవతల నిలబడి సూసినారు. నా కడుపు మండిపోయిందంటే నమ్మండి.

తరవాత బుల్డోజరు గెడ్డ దాటింది. కామరాజు సెల్లెలు వరహాలమ్మది పొట్టకొచ్చిన వరిసేను, అందులోకే అది దిగింది. ఆవిడ అడ్డం నిలబడి అరిసింది.

"మ్యాపులో నేం గదయ్యా! ఏటిది?"

సర్వే ఆఫీసరు నవ్వినాడు. "మ్యాపులో కనబడేది కాగితం పట్టినంతే. తీసుకునే భూమి అంతకన్నా పెద్దది. అర్జీకి గడువు కూడా అయిపోయిందమ్మా."

ఆడి నవ్వు తగలెయ్య!

కామరాజు సాయం అడగడానికి గెడ్డ దాటి మా ఊరొచ్చినాడు. ఒక్కడూ అరుగు మీంచి లేవలేదు.

"సావనీ," అన్నాడు మా ఊరి దాలయ్య. "మనం సచ్చినప్పుడు ఈళ్లొచ్చినారేటి?"

తలకి కట్టుతోనే జోగమ్మ లేచింది. "ఆళ్ల ఊరు కూడా పోతే రెండు గట్లూ కంపెనీవే, గెడ్డ పోద్ది. గెడ్డ పోతే నువ్వేటి తాగుతావురా? కంపెనీవోడి సెమటా?"

కామరాజు తల దించుకున్నాడు. "తప్పేనమ్మా. కొట్టు."

"కొట్టడానికి పోలీసోళ్లున్నార్లే. నడు," అంది జోగమ్మ. దాలయ్య తిట్టుకుంటూనే వచ్చినాడు.

రెండూళ్లూ బుల్డోజరు ముందు పడుకున్నాయి. "ఎర్రమెట్టోళ్లు లేవండి, ఇది మీ ఊరు కాదు," అన్నాడు ఇనస్పెక్టరు. ఒక్కడు లేస్తే ఒట్టు. కామరాజుని జుట్టట్టుకుని వ్యానులోకి ఈడ్సినారు. మూడో నాడు శవాన్ని అప్పగించినారు. జొరమొచ్చి పోనాడంట! వీపంతా వాతలు పెట్టే జొరం ఏ దేశంలో ఉందో మరి.

కాటికాడ్నుంచి వరహాలమ్మ తిన్నగా జంక్షనుకి ఎళ్లింది, ఎనకాలే మేమూ ఎళ్లినాం. టీ కొట్టు పొయ్యిలోంచి బొగ్గు తీసుకుంది. కాగితం అంచుకాడ ఆగిన గీతని గోడ మీద గీసుకుంటూ పోయింది. కిటికీ దాటింది, గుమ్మం దాటింది, గోడ అయిపోయింది.

దూరాన పద్మనాభం అనే ఊరి నుంచి టవును పనికొచ్చిన రైతొకడు బస్సు కోసం నిలబడి సూస్తన్నాడు. ఆడి మొకం పాలిపోయింది. "ఎక్కడాగుద్దమ్మా ఇది?"

"మనం ఆపినకాడ," అంది.

బస్సొచ్చింది, ఎళ్లిపోయింది. ఆ రైతు ఎక్కలేదు. మాతో పాటు వచ్చి రోడ్డు మీద కూకున్నాడు.