ఆఖరి బండి

“ఆఖరిది నీలం వ్యాను. వెనక పడవ కట్టుకొచ్చింది,” అని రేడియోలో చెప్పి క్లైవ్ పెట్రీ కర్రకు బిగించిన రెండు ముఖాల పలకను తిప్పాడు. ‘నెమ్మది’ అని రాసిన పసుపు ముఖం ద్రాక్షతోటల వైపు వెళ్లింది. ‘ఆగు’ అని రాసిన ఎర్ర ముఖం రోడ్డు వైపు వచ్చింది. గొర్రెల లారీ ఒకటి బుసకొట్టి అతని ముందు ఆగింది.

“నీలం వ్యాను, పడవ. సరే,” అంది అవతలి కొస నుంచి లేసియెలి. “ఈ ఎండలో చేపలకి బయల్దేరాడా? పడితే ఉడికినవే పడతాయి.”

ముప్పావు కిలోమీటరు మేర రోడ్డును ఒక పక్క తవ్వేశారు. మిగిలిన పక్కనే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ వంతులవారీగా వెళ్లాలి. మర్రీ నది వంపు తిరిగే చోట యూకలిప్టస్ చెట్లు అడ్డం ఉండటంతో ఈ కొస నుంచి ఆ కొస కనపడదు. అతను తన వరసలో ఆఖరి బండి ఏదో చెబుతాడు. అది తనను దాటాక ఆమె తన వైపు బళ్లను వదులుతుంది. ఆమె తన ఆఖరి బండి చెబితే, అది దాటాక అతను వదులుతాడు. నాలుగేళ్లుగా ఒకరి మాట మీద ఒకరు ఇలా బళ్లను వదులుతూనే ఉన్నారు. ఇన్నాళ్లలో రెండు బళ్లు ఎదురెదురు పడింది లేదు.

క్లైవ్‌కి యాభై తొమ్మిది. ముక్కు మీద తెల్లటి ఎండమందు మందంగా పూసుకుని ఉంటాడు. కింది పెదవి ఎండకు పగిలి మానకుండా అలాగే ఉండిపోయింది. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి బరువంతా కుడికాలి మీద వేసి, పలకను చేతికర్రలా ఆనుకుని నిలబడతాడు. పలక కర్ర పేరుకే కర్ర, నిజానికి ఇనప గొట్టం. ఫిబ్రవరి ఇక్కడ నడి వేసవి, పొద్దున తొమ్మిదింటికే చెయ్యి పెట్టనివ్వదు. రెండేళ్ల కిందట లేసియెలి ఎండిన మొగలాకు చీలికలతో, చెయ్యి పట్టే చోట, రెండు పలకలకూ తొడుగులు అల్లింది. టోంగా దీవుల్లో వాళ్లమ్మ చాపలు అల్లేది. తొడుగు బిగిస్తూ, “ప్రేమ అనుకోకు, ముసలాయనా. నీ చెయ్యి కాలి పలక జారితే లారీ వచ్చి పడేది నా మీద,” అంది.

ఫోను దగ్గర పెట్టుకోకూడదని నిబంధన. క్లైవ్ చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాడు. ‘ఆగు’ ముఖం రోడ్డుకు తిప్పాక, పలక చాటున బొటనవేలితో రాస్తాడు. చూసేవాళ్లకు గడియారం చూసుకుంటున్నట్టు ఉంటుంది.

ఫోనులో జరిగే చర్చల్లో అతని పేరు ‘మాలీ డేగ’. మాలీ అంటే ఆ చుట్టుపక్కల పొదల నేల. అణు విద్యుత్తు మీద, రాకెట్ల మీద, టీకాల మీద, కరెంటు కార్ల మీద, కాన్‌బెర్రాలో కూర్చుని దేశాన్ని నడిపేవాళ్ల తెలివి మీద మాలీ డేగకు అభిప్రాయాలున్నాయి. తొమ్మిదో తరగతితో చదువు ఆగినా క్లైవ్ వార్తను పైపైన చూసి రాసే రకం కాదు, చివరిదాకా చదివి రాస్తాడు. పెర్త్‌లో ఒకావిడ, “మీరు ఇంజనీరా అండీ?” అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, “రవాణా రంగంలో ఉన్నాను,” అని రాశాడు. అబద్ధం కాదు కదా అని ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు.

భార్య నోలీన్ మాత్రం, “ఎవరితోనయ్యా ఆ పోట్లాట? మాంసం చల్లారిపోతోంది. ఆయన్ని కూడా భోజనానికి పిలువు,” అంటుంది.

పది గంటలకు మేస్త్రీ రస్ పికప్ వేసుకొచ్చాడు. వెనక ట్రైలరులో రెండు యంత్రాలున్నాయి. మూడు కాళ్లు, పైన ఎరుపు ఆకుపచ్చ దీపాలు, వాటిపైన ఒక కెమెరా కన్ను. రస్ దిగి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“వచ్చేశాయి క్లైవ్. నెలాఖరుకి అన్నారా, ఇవాళే పంపేశారు. రెండు గంటలకి బిగిస్తాం.”

“మరి మేము?”

“రెంటినీ తెర మీద చూసుకోడానికి ఒక్కరు చాలట. సీనియారిటీ నీది. నీడలో కుర్చీ వేసిస్తారు, నీ మోకాలికి మంచిది.” రస్ నది వంపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆమెకి ఇప్పుడే చెప్పకు. భోజనాలయ్యాక నేనే చెబుతా.”

రస్ వెళ్లాక క్లైవ్ యంత్రాలనే చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ అతనికి యంత్రమంటే ఇష్టం. ఎండుద్రాక్ష ఏరే షెడ్డులో ఇరవై ఏడేళ్లు పని చేశాడు. అక్కడా ఒకనాడు కెమెరా కన్నున్న యంత్రం వచ్చింది. తనను ఇంటికి పంపేసిన ఆ యంత్రాన్ని ఆఖరి రోజు అరగంట నిలబడి చూశాడు. పుచ్చిన ద్రాక్షను గాలి ఊది ఎగరగొడుతోంది, ఒక్కటీ తప్పట్లేదు. ఎంత బాగా ఏరుతోందని ఇంటికొచ్చి నోలీన్‌కు చెబితే, ఆమె అతని మొహంలోకి చూసి టీ పెట్టింది.

పదకొండున్నరకు రేడియో గరగరలాడింది.

“ముసలాయనా, మన సంగతి ఊరి కౌన్సిల్ వాళ్లు తమ పేజీలో పెట్టారట. మా చెల్లెలు పంపింది. విను. ‘ప్రజాభిప్రాయం కోరగా అత్యధికులు మెచ్చిన మాట ఇది’ అట.” లేసియెలి గొంతు సవరించుకుని చర్చిలో బైబిలు చదివినట్టు చదివింది. “‘కర్ర తిప్పడానికి మనిషెందుకు? అది మనిషికి అవమానం. ఒక దీపం చేయగల పనికి ఒక జీవితం తగలేస్తున్నాం.’ ఎవడో మాలీ డేగట. డేగా వీడి మొహమా! పెరట్లో కోడి అయ్యుంటాడు.”

అటువైపు రోలరు నడిపేవాడు నవ్వాడు. ఆ రోడ్డు మీద పనిచేసే పధ్నాలుగు మందికీ రేడియోలో అన్ని మాటలూ వినిపిస్తాయి.

క్లైవ్ నవ్వలేదు. పగిలిన పెదవిని పంటితో పట్టుకున్నాడు.

నవంబరులో రాశాడది. రోడ్డు పనుల దగ్గర దీపాలు పెట్టాలా వద్దా అని కౌన్సిల్ వాళ్లు అడిగారు. ఆ ప్రశ్న కింద ఒకామె, “ఆ పలక పట్టుకునేవాళ్లు పాపం, చదువూ సంధ్యా లేనివాళ్లు, ఎక్కడికి పోతారు?” అని జాలిపడింది. ఆ ‘పాపం’ దగ్గర క్లైవ్‌కు ఒళ్లు మండింది. తిట్టినా పడేవాడేమో, జాలిని మాత్రం పడలేకపోయాడు. తను వాళ్లలో ఒకడు కానట్టు, ఎక్కడో ఎత్తు మీద నుంచి చూస్తున్నట్టు రాసేశాడు. పదకొండు వందల మంది మెచ్చుకున్నారు. వారం రోజులు ఈల వేసుకుంటూ పనికి వచ్చాడు.

“ఏం, పలకవు? యంత్రాలొస్తే నేను మళ్లీ ద్రాక్షతోటకే పోవాలి. నా నడుము సంగతి నీకు తెలుసు కదా,” అంది లేసియెలి. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“తెల్ల కారు, ఆఖరిది,” అన్నాడు క్లైవ్.

అక్కణ్నుంచి అతనికి కాలు ఒకచోట నిలవలేదు. కుడికాలి మీద నుంచి ఎడమకాలి మీదకు, మళ్లీ కుడికాలి మీదకు మారాడు. నీళ్లు తాగాడు, దాహం తీరలేదు. ఈగలు కళ్ల చుట్టూ ముసురుతున్నా తోలలేదు. చొక్కా లోపల ఫోను రెండుసార్లు వణికింది. కొత్త చర్చలో ఎవరో, “మాలీ డేగ గారూ, మీరేమంటారు?” అని అడుగుతున్నారు. అక్కడే చెప్పేస్తే సరిపోతుందనిపించింది. రాశాడు.

“నేను ఇంజనీరును కాను. ఆ పలక పట్టుకుని రోడ్డు మీద నిలబడే మనిషిని నేనే.”

నిమిషం గడవకముందే జవాబులొచ్చాయి. “హహ! సార్ ఇవాళ మంచి హుషారులో ఉన్నారు.” “అయితే నేను పోప్‌ని.” నవ్వు ముఖాలు ఒకదాని వెంట ఒకటి పైకి తేలి వచ్చాయి. పెర్త్ ఆవిడ, “మీ హాస్యం నాకిష్టం,” అని రాసింది.

దేవుడు మనిషికి నోటిని ముఖంలోనే పెట్టాడు. చేతిలోనో అరికాలిలోనో పెట్టలేదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు మన కళ్లు చూడాలనే అలా పెట్టాడేమో. ముఖం తీసేసి నోరొక్కటే బజారుకు పంపితే, అది చెప్పిన నిజాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు?

“క్లైవ్!”

రేడియో అరిచింది. “నీ ఆఖరి బండి ఏది? ఆకుపచ్చ కారు దాటింది. వెనక వంపులో దుమ్ము లేస్తోంది. ఇంకోటుందా?”

అతను తలెత్తాడు. ఆకుపచ్చ కారు వెనకాలే, తమ కారుకు కారవాన్, అదే చక్రాల ఇల్లు, తగిలించుకుని ఒక ముసలి జంట వెళ్లింది. వాళ్లకు చెయ్యి కూడా ఊపాడు. చెప్పటం మరిచిపోయాడు.

“ఉంది. కారవాన్. ఆపు, లేసీ, ఆపు!”

“ఆపాను కాబట్టే అడుగుతున్నా. ఇక్కడ గోధుమల లారీవాడు దూకడానికి సిద్ధంగా ఉన్నాడు. దుమ్ము చూసి పలక అడ్డం పెట్టా.” ఊపిరి పీల్చుకుంది. “ఎండదెబ్బా? నీళ్లు తాగు. రస్ ఎక్కడో పడుకునుంటాడు, విన్లేదులే. నేను చెప్పను.”

క్లైవ్ ఫోనును జేబులోకి తోసేశాడు. ఆ కెమెరా కన్నయితే కారవాన్‌ను మరిచిపోదు. తను రాసినదాంట్లో అంతమటుకు నిజమే. కానీ లెక్కలో లేని దుమ్మును చూసి తన తప్పు కాచినది ఇంకో మనిషి. ఈ రెండూ ఒకేసారి నిజమైతే ఏం రాయాలో మాలీ డేగకు తెలియలేదు.

ముసలి జంట కారవాన్ ఆమెను దాటింది. ఆమె తన వరసను వదిలింది. ఎర్ర కారు ఆఖరిదని చెప్పింది. అది వచ్చి అతన్ని దాటింది. ఇప్పుడు అతను తిప్పాలి. తిప్పలేదు. ఇటు వైపు బళ్లూ అటు వైపు బళ్లూ ఆగి ఉన్నాయి. మధ్యలో ముప్పావు కిలోమీటరు రోడ్డు ఖాళీగా ఎండలో తళతళలాడుతోంది.

అతను రేడియో మీట నొక్కాడు. వదిలేశాడు. మళ్లీ నొక్కాడు.

“లేసీ. ఆ మాలీ డేగ నేనే.”

రోలరు చప్పుడు ఆగింది. 

“నేనే రాశా. నవంబర్లో. నీ గురించి అనుకుని రాయలేదు. నా మీద నాకు సిగ్గేసి రాశా. ఇంకోటి. యంత్రం దగ్గర ఒక్కర్ని ఉంచుతారట. రస్ నన్ను ఉండమన్నాడు. పొద్దున్నే చెప్పాడు. నీకు చెప్పలేదు.”

వెనక ఎవరో హారను కొట్టారు.  రెండోసారి కొట్టాక ఆమె గొంతు వచ్చింది.

“నీ వైపు వదులు, క్లైవ్. బళ్లు ఆగి ఉన్నాయి.”

అతను పలక తిప్పాడు. తొమ్మిది బళ్లు కదిలాయి.

“ఆఖరిది?” అంది ఆమె.

“పాల ట్యాంకరు.”

“పాల ట్యాంకరు. సరే.”

ఈసారి ‘ముసలాయనా’ అనలేదు.

రెండు గంటలకు రస్ యంత్రాలు బిగించాడు. క్లైవ్ అతని దగ్గరికి వెళ్లి, ఆ కుర్చీ లేసియెలికి ఇమ్మన్నాడు. “నీకు పిచ్చా?” అన్నాడు రస్. “యాభై తొమ్మిదేళ్లకి ఎవడిస్తాడు నీకు పని?”  నోలీన్‌కు ఏం చెప్పాలో క్లైవ్ ఇంకా ఆలోచించుకోలేదు.

రస్ కబురందుకుని లేసియెలి ఆ కొస నుంచి నడిచి వచ్చింది. భారీ మనిషి. టోపీ కింద ముఖమంతా ఎర్రమట్టి, కళ్ల కింద రెండు చారలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆమె చేతిలో పలక లేదు, అప్పుడే పికప్‌లో పడేసి వచ్చింది.

“నా పని అవమానమా?” అంది.

“నా పని గురించి రాశాను.”

“నీ పని వేరూ నా పని వేరూనా? ఒకే రోడ్డుకి రెండు కొసలం.” ఆమె నది వంపు వైపు చెయ్యి చూపింది. “రోజూ ప్రార్థన చేసి నిలబడేదాన్ని తెలుసా అక్కడ? ఇవాళ ఎవరికీ దెబ్బ తగలకూడదని. నీకు కూడా.”

“తెలీదు.”

“తెలీదు. లోకం సంగతులు మాత్రం తెలుసు.” ముక్కు చీది, చేతిరుమాలు మడిచి పెట్టుకుంది. “కుర్చీ తీసుకుంటా. పిల్లలున్నారు నాకు. నీకు థాంక్స్ మాత్రం చెప్పను.”

“వద్దు.”

“ఆదివారం చర్చి ప్రార్థనలో నీ పేరు చెబుతా. ఈ ఆదివారం కాదు, కోపం కొంచెం తగ్గాక.”

ఆమె నీడలోకి వెళ్లి తెర ముందు కూర్చుంది. రస్ మీటలు చూపిస్తుంటే తల ఊపుతోంది, ఇటు తిరగలేదు.

క్లైవ్ తన పలకను కంచె కమ్మీకి ఆనించాడు. మొగలాకు తొడుగును తీసి ఇంటికి పట్టుకుపోదామని దాని అంచు కింద బొటనవేలు దూర్చాడు. అల్లిక బిగుతుగా ఉంది, లాగితే తెగేలా ఉంది. వేలు తీసేశాడు. టీ ఫ్లాస్కు, గొడుగు తీసుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ తన కారు దగ్గరికి నడిచాడు. ఎవరూ పిలవలేదు. కారు మట్టిరోడ్డు మీదుగా తోటల వెనక్కి వెళ్లిపోయింది.

యంత్రం మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. గోధుమల లారీ ఒకటి వేగంగా వచ్చి, కంచెకు ఆనించిన పలక మీద ‘నెమ్మది’ చూసి, ఎందుకో ఒక్క క్షణం వేగం తగ్గించి వెళ్లింది. దుమ్ము మెల్లగా దిగి పలక మీద, కర్ర మీద, చెయ్యి పట్టిన మేర నల్లబడి నాలుగు వేళ్ల గుర్తులు పడిన మొగలాకు తొడుగు మీద పేరుకుంది.