పేరు తీసేసిన గొంతు

ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో, పట్టకుండా ఉండాలంటే పైన ఏం పూయాలో తేల్చడం ఆ అమ్మాయి పరిశోధన. అందుకని ల్యాబులో అందరూ ఆమెను తుప్పమ్మ అనేవాళ్లు. మొదట్లో మూతి ముడుచుకుంది. తర్వాత అలవాటైపోయి, ఫోనెత్తి తనే "తుప్పమ్మని మాట్లాడుతున్నా" అనేది.

పరిశోధనలో నీతి నియమాల మీద యూనివర్సిటీ పెట్టిన శిక్షణకి ఆమె సణుక్కుంటూనే వెళ్లింది. రాకపోతే ల్యాబు తలుపు కార్డు పనిచేయదని మెయిలు పెట్టారు మరి.

"ఉప్పునీళ్లలో ముంచే ముందు ఇనప రేకుని అనుమతి అడగాలా ఏంటి? నాకెందుకు ఈ గోల?" అంది పక్కసీటు అమ్మాయితో.

పొద్దుటి పూటంతా దొంగ లెక్కల గురించి, ఇంకొకరి రాతలు కాపీ కొట్టడం గురించి సాగింది. సగంమంది బల్ల కింద ఫోన్లు చూసుకుంటున్నారు. టీ తాగొచ్చాక, మనుషుల మీద చేసే పరిశోధన దగ్గరికొచ్చింది ట్రైనర్ మేడమ్. చెడ్డావిడేం కాదు. గొంతు పోయేలా చెబుతోంది పాపం, వినేవాడే లేడు.

"నిద్రపోకండి. ఒక రికార్డింగు వినిపిస్తా," అంది. "పక్షవాతం వచ్చి మాట పడిపోయిన ఒకాయన. గొడుగు బొమ్మ చూపించి అదేంటో చెప్పమన్నారు. వినండి."

స్పీకర్లోంచి ముందు ఊపిరి వినిపించింది. ముక్కుతో లాగి, నోటితో వదిలే బరువైన ఊపిరి. తుప్పమ్మ తల ఎత్తింది. ఆ ఊపిరి పక్కనే ఆమె రోజూ అన్నం తింటుంది.

"ఒకటోసారి..." అంది ఆ గొంతు. "ఒకటోసారి... రెండోసారి... కాదు... కాదు. ఒకటోసారి... రెండోసారి... ఛీ! దీనమ్మ!"

హాలంతా గొల్లుమంది. ఫోన్లు పక్కన పెట్టి మరీ నవ్వారు. ముందు వరసలో ఒకడు బల్ల చరిచాడు.

"చూశారా," అంది మేడమ్, తనూ నవ్వాపుకుంటూ. "పేరు లేదు, మొహం లేదు, ఊరు లేదు. ఈయనెవరో మీలో ఒక్కరైనా చెప్పగలరా? పేరు తీసెయ్యడమంటే ఇదీ."

"నేను చెప్పగలను," అంటూ లేచింది తుప్పమ్మ. కుర్చీ వెనక్కి పడింది. "ఆయన మా నాన్న."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"కూరగాయల మార్కెట్లో వేలంపాట నడిపేవాడు మా నాన్న. ఆయన కేకేస్తే వీధి చివరి బండివాడు కూడా తిరిగి చూసేవాడు. మాటలన్నీ పోయి ఆ పాట ముక్కలే నోట్లో మిగిలాయి. ఇంకా నవ్వాలా? నవ్వండి. మళ్లీ వెయ్యండి మేడమ్, వీళ్లకి తనివి తీరినట్టు లేదు."

మేడమ్ గబగబా విరామం ప్రకటించి, తుప్పమ్మని బయటి వరండాలోకి తీసుకెళ్లింది. బల్ల చరిచినవాడు బిస్కెట్ల పళ్లెంతో ఎదురొచ్చి, "సారీ అండీ, తీసుకోండి," అన్నాడు. ఆ పళ్లెం వాడి నెత్తిన బోర్లించాలన్నంత కోపమొచ్చింది ఆమెకి.

"నాకు నిజంగా తెలీదమ్మా," అంది మేడమ్. "మాటల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్‌గారిచ్చారు. బోధనకి వాడుకోవచ్చని ఇంట్లోవాళ్లు సంతకం కూడా పెట్టారట."

"ఇంట్లోవాళ్లు కదా. ఆయన?"

మేడమ్ ఫోన్ తీసి ప్రొఫెసర్‌గారి నంబరు వెతకసాగింది.

ఆ ప్రొఫెసర్ కొత్తవాడేం కాదు. నాన్నకి మాట పడిపోయినప్పుడు, ఈ యూనివర్సిటీలోనే మంచి ఆయన ఉన్నాడని తుప్పమ్మే అమ్మానాన్నల్ని ఆ ల్యాబుకి పంపింది. ఆయన ఇంటికొచ్చి భోంచేసిన మనిషి. "అక్కయ్యా" అని అమ్మని నోరారా పిలిచిన మనిషి.

"కూర్చో," అన్నాడాయన, ఆమె తలుపు తోసుకుని రాగానే. విషయం అప్పటికే చేరినట్టుంది.

"కూర్చోడానికి రాలేదండీ. మా నాన్న గొంతు ఎంతమందికి వినిపించారు?"

"చూడమ్మా, పేరు తీసేశాం. మా ల్యాబులో ఆయనకి ఒక నంబరే ఉంటుంది. ఆ రికార్డింగు విన్న ప్రతిచోటా జనం మనసు కరిగింది తెలుసా?"

"కరగలేదు సార్, పగలబడి నవ్వారు. నా ముందే."

"మీ అమ్మగారు సంతకం పెట్టారు."

"మా అమ్మ మిమ్మల్ని నమ్మింది. 'ఇవన్నీ మామూలేనక్కయ్యా' అన్నారట మీరు. చూపించిన చోటల్లా పెట్టింది. నాన్నని అడిగారా?"

"ఆయన పరిస్థితిలో..."

"కాదు అనగలడు! ఊఁ అనగలడు! ప్రశ్న చిన్నది చేసి, నోరు మూసుకుని కాసేపు ఆగితే జవాబు చెబుతాడు. ఆగాలని మాకు నేర్పిందే మీరు కదండీ! దాని మీద పుస్తకాలు రాశారు, బిరుదులు తెచ్చుకున్నారు. మీ పనికి అవసరమైనప్పుడు గంటలు గంటలు ఆగారు. ఆయన ఇష్టం అడగాల్సి వచ్చేసరికి మాత్రం మీకు తీరిక లేకపోయింది."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "కోపంలో ఉన్నావు. చల్లబడ్డాక మాట్లాడదాం."

"ఇది చల్లబడే కోపం కాదు," అని తలుపు విసిరికొట్టి వచ్చేసింది.

దారంతా నాన్నకి ఎలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూ వచ్చింది. చెప్పే పని లేకపోయింది. తలుపు దగ్గరే అమ్మ ఎదురైంది.

"ఏం చేసొచ్చావే?"

"నేనా? నేనేం చేశాను?"

"ఉల్లిపాయల షావుకారు ఫోన్ చేశాడు. వాళ్ల మేనల్లుడు కూడా ఉన్నాడట మీ క్లాసులో. 'అన్నకి మాట పడిపోయిందటగా వదినా, ఇన్నాళ్లూ చెప్పలేదే' అంటాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నా. మీ నాన్న పక్కనే ఉన్నాడు."

తుప్పమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మార్కెట్లో ఎవరికీ తెలీదు. మోకాళ్ల నొప్పులని చెప్పి నెట్టుకొస్తున్నారు. తన గొంతుని అలా విననివ్వడం ఇష్టం లేక పాత స్నేహితుల్ని ఒక్కర్ని కూడా గడప తొక్కనివ్వలేదు నాన్న. ఫోన్ మోగితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూడగానే ఎడమ చేత్తో నీళ్ల గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు.

"కాదు!" అన్నాడు. "కాదు! కాదు! కాదు!"

"నాన్నా, నీ కోసమే పోట్లాడాను. వాళ్లు నవ్వుతుంటే..."

వేలు ఆమె వైపు చూపించాడు. తర్వాత బయటికి, వీధిలోకి చూపించాడు. మళ్లీ ఆమె వైపు. మొహం కందగడ్డలా అయింది. గోడ పట్టుకుని లేచి, లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది. ఎవరి కోసం పోట్లాడానో ఆయనకే నేను శత్రువునయ్యానా? "అయితే ఊరుకోమంటావా? వాళ్లతో కలిసి నన్నూ నవ్వమంటావా?" అని మూసిన తలుపు మీద అరిచింది. అమ్మ వంగి, సొట్టపోయిన గ్లాసు తీసి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ మూడు దిక్కులయ్యారు. సంతకం పెట్టినందుకు అమ్మ తనని తాను తిట్టుకుంటూ కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడితే, దాన్ని కూడా తిట్టింది.

పొద్దున్నే తుప్పమ్మ వెళ్లి నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుంది.

"ఆ రికార్డింగు చెరిపేయించనా?"

ఆగింది. ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి, "కాదు," అన్నాడు.

"మరి వాళ్లని వేసుకోనివ్వాలా?"

"కాదు!" ఈసారి వెంటనే వచ్చింది.

"నువ్వు వింటావా?"

పెదవులు కదిలాయి. ముక్కుతో ఊపిరి లాగాడు. ఆమె నోట్లోకి వచ్చిన మాటని పళ్లతో బిగించి ఆపుకుంది.

"నే... నేను," అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. "నేను."

ఇద్దరూ బస్సెక్కి ప్రొఫెసర్ గదికి వెళ్లారు. ఆయన లేచి కుర్చీ జరిపాడు, మంచినీళ్లు తెప్పించాడు, ఎంతో బాధపడుతున్నానన్నాడు. నాన్న ఇవేవీ పట్టించుకోలేదు. కంప్యూటర్ వైపు వేలు చూపించాడు.

క్లాసులో విన్న ముక్కే వేశాడు ప్రొఫెసర్. "ఛీ! దీనమ్మ!" దగ్గర ఆగిపోయింది. నాన్న తల అడ్డంగా ఊపి, ఇంకా ముందుకి అన్నట్టు చెయ్యి తిప్పాడు. ప్రొఫెసర్ తడబడ్డాడు. "అసలు రికార్డింగు పెద్దది. ఇది చిన్నగా కత్తిరించింది..."

"అసలుదే వెయ్యండి," అంది తుప్పమ్మ.

వేశాడు. తిట్టు తర్వాత నిశ్శబ్దం. ఊపిరి. బల్ల మీద వేళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. ఇంకా నిశ్శబ్దం. అప్పుడు ఆ గొంతే, అలసిపోయి, అయినా స్పష్టంగా: "గొడుగు."

ఎక్కడ కత్తిరించాలో వాళ్లకి బాగా తెలుసు. మనిషి గెలిచే చోటికి ముందే ఆపేశారు.

నాన్న ప్రొఫెసర్ కళ్లల్లోకి చూశాడు. "గొడుగు," అన్నాడు. అరచేత్తో బల్ల మీద కొట్టి ఇంకోసారి, "గొడుగు!"

ప్రొఫెసర్ తల దించుకున్నాడు. ఆ ముక్కని శిక్షణలోంచి తీసేస్తానని, నాన్నని అడక్కుండా ఇంకేదీ వాడనని రాసిచ్చాడు. వేరే యూనివర్సిటీలకి వెళ్లిపోయిన నకళ్ల మాటేంటని తుప్పమ్మ అడిగితే, "వాళ్లకి మెయిలు పెడతాను," అన్నాడు. మెయిలు పెడితే ఎంతమంది తీస్తారో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. మూల రికార్డింగు మాత్రం నాన్న చెరపనివ్వలేదు. పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు చేయించుకుని జేబులో వేసుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు తుప్పమ్మ చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ తనే దిగాడు. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక ఆమె వైపు తిరిగాడు.

"నువ్... నువ్వూ..." అన్నాడు. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. వాళ్లదే. ఆమె లేవలేదు. "నువ్వూ... అడగలే."

ప్రొఫెసర్ని అదే మాట అడిగి నిలదీసింది ఆమే. నిన్న హాల్లో లేచినప్పుడు తనకొచ్చిన కోపం తప్ప, ఇంట్లో కూర్చున్న ఈ మనిషి గుర్తే రాలేదు.

"లేదు నాన్నా," అంది. "అడగలేదు."

ఆయన తల ఊపాడు. క్షమించినట్టు కాదు. విన్నట్టు, అంతే. ఆ తర్వాత చాలా రోజులు ఆమె అడిగినదానికి ఊఁ, కాదు తప్ప ఇంకో మాట కోసం ప్రయాసపడలేదు. ఉల్లిపాయల షావుకారు రెండు మూడుసార్లు వచ్చి గుమ్మంలోంచే తిరిగి వెళ్లాడు. ఒకసారి మాత్రం నాన్న లోపలికి రానిచ్చాడు.

శిక్షణ సగంలో లేచి వచ్చేసింది కాబట్టి తుప్పమ్మ కార్డు పనిచేయడం మానేసింది. ల్యాబులో ఎవరో ఒకరు వచ్చి తలుపు తీసేదాకా వరండాలో నిలబడి ఉండగా ట్రైనర్ మేడమ్ ఫోన్ చేసింది.

"నీ అనుభవం వచ్చే శిక్షణలో చెబుతావా అమ్మా? వినేవాళ్లకి గుండె పిండేసినట్టుంటుంది. నీ హాజరు కూడా అక్కడే వేసేస్తాను."

"మా నాన్నని అడిగి చెబుతాను."

అడిగింది. ఆయన తీరిగ్గా ఆలోచించాడు. ఆమె తీరిగ్గా ఆగింది. "కాదు," అన్నాడు.

మర్నాడు మూసిన ల్యాబు తలుపు ముందు నిలబడి, ఫోన్లో అదే చెప్పింది మేడమ్‌కి.

"అయ్యో," అంది మేడమ్. "పోనీ, పేర్లు లేకుండా చెబితేనో?"

తుప్పమ్మ ఫోన్ కట్ చేసి, ల్యాబు తలుపు మీద పిడికిలితో దబదబా కొట్టింది.