ఆవిరిగదిలో ఎండిన బూట్లు

మా ఎల్వ్‌స్‌బ్రో ఫుట్‌బాల్ క్లబ్బులో ముప్పై ఎనిమిదేళ్లుగా ఆటగాళ్ల బట్టలు ఉతుకుతున్నదాన్ని నేను. పేరు ఇంగెగెర్డ్. నా నోరు పెద్దదని ఊరంతా అంటుంది, నిజమే. కానీ ఒక్క సంగతి మాత్రం పదకొండేళ్లు ఆ నోట్లోంచి బయటికి రాలేదు. టోర్కెల్ హెడిన్ వీడ్కోలు రోజున వచ్చింది.

టోర్కెల్ మా మిడ్‌ఫీల్డరు. పదిహేడేళ్లు ఒకే క్లబ్బు, నాలుగు వందల ముప్పై ఒక్క మ్యాచ్‌లు. గోలు కొట్టినవాళ్ల ఫొటోలు పత్రికల్లో పడేవి. ఆ గోలుకు ముందు బంతి ఎవరి కాలి నుంచి వెళ్లిందా అని చూస్తే, వీడే! మైదానం మధ్యలో తలెత్తి చూసి, ఎవడికి కావాలో వాడి కాలి ముందు బంతిని పెట్టేవాడు. ఆట అయ్యాక మిగతా మహానుభావులు మేజోళ్లు ఉండచుట్టి నేలమీద పారేస్తే, వీడొక్కడే తిరగేసి బుట్టలో వేసేవాడు. అబ్బ, ఎంత మంచి బిడ్డ!

పదకొండేళ్ల కిందట నవంబరులో ఒక ఆదివారం మ్యాచ్. ఓడితే కింది డివిజనుకు జారిపోతాం, సమమైనా చాలు. ముందురోజు ప్రాక్టీసులో వాన కుమ్మేసింది. బూట్లు ఆరబెట్టే బీరువా పాడై వారమైంది. ఆట అయ్యాక కుర్రాళ్లు చెమటపట్టేదాకా కూర్చునే ఆవిరిగదిలో, ఆ పొడివేడికి ఆరతాయని, టోర్కెల్ తోలు బూట్లను బల్లమీద ఓ అరగంటకని పెట్టాను. ఇంతలో మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని మోకాలినొప్పి పురాణం విని వెళ్లేసరికి రెండు గంటలైంది. తోలు చెక్కలా బిగిసి, బూట్లు ముడుచుకుపోయాయి.

ఆ వేసవిలోనే ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికి తెల్లచొక్కాలన్నీ గులాబీ రంగులోకి తిప్పాను. అప్పుడు అధ్యక్షుడు సిక్స్‌టెన్ అందరి ముందూ అన్నాడు: "ఇంకొక్క తప్పు జరిగిందా, తాళంచెవి ఇచ్చేసి వెళ్లు ఇంగెగెర్డ్. లాండ్రీవాళ్లకు అప్పజెప్తా." మా ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆ ఉతికే గది, ఆ మిషను చప్పుడు తప్ప నాకింకేం మిగల్లేదు.

ఆదివారం పొద్దున టోర్కెల్ వస్తే, బూట్లు చూపించి బావురుమన్నాను. వాడిది నలభై ఆరో నంబరు పాదం. జట్టులో ఇంకెవరి బూట్లూ పట్టవు. దుకాణాలు మూత.

వాడు బూటు అటూ ఇటూ తిప్పి చూశాడు. "వ్యాజలీన్ ఉందా?"

"ఉంది."

"కత్తెర?"

మేజోళ్ల పాదాలు చీలమండ దగ్గర కత్తిరించేశాడు. వట్టి కాళ్లకు వ్యాజలీన్ పట్టించి, పళ్లు బిగబట్టి బూట్లు తొడిగాడు. "సిక్స్‌టెన్‌తో అనకు," అన్నాడు.

మొదటి సగమంతా కుంటినడకే. జనం ఈలలు వేశారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఎనభై ఎనిమిదో నిమిషంలో అవతలివాడు ఒంటరిగా మా గోలు మీదికి దూసుకొచ్చాడు. టోర్కెల్ ఎక్కడి నుంచి పరుగెత్తాడో, గీత మీద జారి బంతిని తన్నేశాడు. సున్నా సున్నా. బతికిపోయాం! తర్వాత ఆ బూట్లు నేనే కోసి తీశాను. వాడి రెండు కాలిగోళ్లు ఊడి బూట్లలోనే ఉండిపోయాయి.

"ఏమయ్యా, ఇవాళ తాబేలులా నడిచావే?" అన్నాడు సిక్స్‌టెన్ తలుపులోంచి.

"అమ్మ చేసిన బన్నులు ఎక్కువ లాగించాను," అన్నాడు వీడు, తువ్వాలు పాదాల మీదికి లాక్కుంటూ.

జాతీయ జట్టు ఎంపిక చేసేవాడు ఆ రోజు వచ్చి, విరామానికే లేచి వెళ్లిపోయాడని వారం తర్వాత తెలిసింది. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇక టోర్కెల్ ఆటకు వీడ్కోలు చెప్పే రోజు. క్లబ్బు హాలు నిండా జనం, కాఫీ, ఆకుపచ్చ కేకు. సిక్స్‌టెన్ లేచి గొప్పగా మాట్లాడాడు. చివర్లో నవ్వుతూ, "ఒక్కటే లోటు, దేశానికి ఒక్క మ్యాచైనా ఆడలేదు. ఆ బన్నులు తినకుండా ఉండుంటేనా!" అన్నాడు. అందరూ నవ్వారు. టోర్కెల్ కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నోర్ముయ్ సిక్స్‌టెన్!" అని లేచాను. బూట్ల సంగతంతా చెప్పేశాను. మెడలో తాడుకున్న ఉతికే గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టాను. "వీడి బతుకు పాడుచేసింది నేను. ఆ జాతీయ జట్టు పెద్దమనిషి వచ్చాడని తెలిసుంటే వీడు ఆడేవాడే కాదు. పాపం, వీడికి తెలీదు."

"తెలుసు," అన్నాడు టోర్కెల్.

"ఏం తెలుసు?"

"ఆయన వస్తున్నాడని. ముందురోజు రాత్రే ఫోన్ చేశాడు, నన్ను చూడ్డానికే వస్తున్నానని."

"మరి జ్వరమని ఇంటికెళ్లి పడుకోవచ్చుగా, దద్దమ్మా! ఇంకోరోజు చూసేవాడుగా!"

"జ్వరం లేదని తేలగానే, ఎందుకు ఆడలేదని అడిగేవాళ్లు. బూట్ల సంగతి బయటపడేది, నీ తాళంచెవి పోయేది." కేకు పళ్లెం పక్కన పెట్టి లేచాడు. బల్లమీది తాళంచెవి తీసి, మళ్లీ నా మెడలో వేశాడు. "సోమవారం పిల్లల జట్టుకు ప్రాక్టీసు మొదలుపెడుతున్నా. ఇరవై రెండు చొక్కాలు కావాలి. తెల్లవి, ఇంగెగెర్డ్. గులాబీవి కాదు."

అందరి ముందూ వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.