ఒకటి మీద తిరిగిన ఫ్యాను

మిల్లు లైన్లలో ఆమెను స్విచ్చమ్మ అనేవారు. పక్కింట్లో పట్టపగలు బల్బు వెలుగుతుంటే అడక్కుండా లోపలికి పోయి ఆపేసి వచ్చే మనిషికి ఇంకేం పేరు పెడతారు? మూడు వరసలు, వరసకి ఇరవై గదులు, అన్నిటికీ రేకుల కప్పే. గదికొక బల్బు, ఒక ఫ్యాను. ఇందులో పొదుపు చెయ్యడానికి ఏముందంటారా? ఆ మాట కరెంటాఫీసు వాళ్ళని అడగాలి.

ఎండలు ముదరగానే వాళ్ళు వ్యాను పంపించి, లైన్ల ఆడవాళ్ళని పొదుపు సభకి తీసుకుపోయారు. అందరూ ఎగబడి ఎక్కారు. నాలుగు మంచి మాటలు విందామని కాదు, హాల్లో ఏసీ ఉందని. చల్లగాలి తగలగానే సగం మందికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆఫీసరు తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఏసీ ఇరవై ఆరు మీద పెట్టుకోండి, ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తియ్యకండి, పడమటి కిటికీలకి పరదాలు దించండి అని చెప్పుకుపోతున్నాడు.

కుట్టుమిషనామె లేచింది. స్విచ్చమ్మ పక్కగది మనిషి. నోరు ఊరుకోదు.

"సార్, మాకు కిటికీయే లేదు. పరదా నా మొహానికి కట్టుకోనా?"

హాలు హాలంతా నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు.

"ఫ్యాన్లు ఉన్నాయి కదమ్మా? ఐదు మీద తిప్పడం దేనికి? ఒకటి మీద పెట్టుకోండి. ఈ నెల రీడింగు తగ్గించి చూపించండి, మీ లైన్లకి మధ్యాహ్నం కరెంటు కోత ఎత్తేస్తాం."

కోత అన్న మాట వినగానే స్విచ్చమ్మకి నిద్ర ఎగిరిపోయింది.

ఆమె మొగుడు ముప్పై ఏళ్ళు మిల్లు బాయిలర్లోకి బొగ్గు ఎగదోసినవాడు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. రోజూ రెండు నుంచి నాలుగు దాకా కరెంటు తీసేసేవారు. ఆ రెండు గంటలూ ఆమె మంచం పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరేది. కుడిచెయ్యి పీకితే ఎడమచేత్తో, ఎడమచెయ్యి పీకితే మళ్ళీ కుడిచేత్తో. ఒక్క నెల పళ్ళు బిగబట్టుకుంటే కోత పోతుంది, ఆయన నెత్తిమీద ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. ఆమె కోరింది అంతే.

ఇంటికి రాగానే రెగ్యులేటరు ఒకటికి తిప్పేసింది. గదులు కట్టినప్పుడు మిల్లువాళ్ళు బిగించిన ఇటుకంత నల్లడబ్బా అది. అన్ని గదుల్లోనూ అదే. తనింట్లో తిప్పి ఊరుకుందా? మూడు వరసలూ చుట్టబెట్టింది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా. మా అమ్మ ఉడికిపోతోంది," అంది కుట్టుమిషనామె.

"ఒక్క నెల ఉడకనీవే. ఆ తర్వాత మీ అమ్మకి మధ్యాహ్నం కూడా గాలే. నీ మోటారు మిషనూ ఆగదు."

"నువ్వు ఆ ఆఫీసులో పుట్టాల్సిన దానివి పిన్నీ, తప్పి ఇక్కడ పుట్టావు," అంటూనే ఒకటికి తిప్పింది.

మంచం మీద బాయిలర్ మనిషి మొదట్లో ఎడమచెయ్యెత్తి ఐదువేళ్ళూ చాపేవాడు. స్విచ్చమ్మ నాలుగు వేళ్ళు ముడిచేసి ఒక్కటి మిగిల్చేది.

"ముప్పై ఏళ్ళు బాయిలర్ ముందు నిలబడ్డావు. ఈ రేకుల వేడికే బేజారైపోతే ఎట్లా?"

ఆయన సగం మూతితో నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆ చెయ్యి ఎత్తడం మానేశాడు. దారికొచ్చాడనుకుంది.

నెలాఖరున మీటరు మనిషి వచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తోంది.

"ఎంత తగ్గింది బాబూ?"

"తగ్గడమా? పోయిన నెలంతే ఉంది."

"నెల్లాళ్ళూ ఒకటి మీదే తిప్పానయ్యా! మళ్ళీ చూడు."

"నేను చూస్తే మారుతుందా అమ్మా?" అని అతను పక్కగదికి పోయాడు. అక్కడా అదే మాట. ఆ పక్కనా అదే.

మీటరు చెడిపోయుంటుందని స్విచ్చమ్మ సందు చివరికి ఎండలోనే పోయి, ఫ్యాన్లకి వైండింగ్ చేసే మేస్త్రిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఒకటిన్నర దాటింది. మేస్త్రి మీటరు చూశాడు, ఫ్యాను చూశాడు, నల్లడబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దమ్మా, నువ్వూ ఓసారి చెయ్యి పెట్టు."

పెట్టింది. చురుక్కుమంది.

"ఇదేంట్రా, పొయ్యిలా ఉంది?"

"పొయ్యే. దీన్లోపల ఉన్నది చుట్టలు చుట్టిన తీగ. నువ్వు ఒకటి మీద పెడితే, ఫ్యానుకి పోవాల్సిన కరెంటు ఇది మింగి వేడి కక్కుతుంది. మీటరుకి మాత్రం పెద్ద తేడా పడదు. ఇప్పుడొచ్చే చిన్న రెగ్యులేటర్లయితే వేరే సంగతి."

"అంటే నేను మిగిల్చింది..."

"ఏమీ లేదు పెద్దమ్మా. ఇంట్లో గాలి తగ్గించి కుంపటి పెట్టుకున్నావు."

"మరి అంత పెద్ద ఆఫీసరు చెప్పాడు కదరా?"

"ఆయనింట్లో ఈ డబ్బా ఉంటే కదా తెలిసేది."

స్విచ్చమ్మ మంచం వైపు తిరిగింది. తనకి తనే సర్దిచెప్పుకుంటున్నట్టు అంది:

"పోనీలే. మా ఆయనకి అలవాటైపోయింది. పొద్దుట్నుంచి ఒంటిమీద చెమటచుక్క లేదు, చూడు. హాయిగా నిద్రపోతున్నాడు."

మేస్త్రి గబుక్కున మంచం దగ్గరికొచ్చి బాయిలర్ మనిషి నుదుటి మీద చెయ్యి వేశాడు. పొడిగా ఉంది. సలసల కాగుతోంది. చెంపల మీద తట్టాడు. ఉలుకూ లేదు, కదలికా లేదు.

"పెద్దమ్మా, ఈ ఎండకి చెమట పట్టకపోతే మనిషి చల్లబడ్డట్టు కాదు, వడదెబ్బ తగిలినట్టు! నీళ్ళు తే. బిందెడు తే!"

మేస్త్రి ఫ్యాను ఐదుకి తిప్పాడు. ఆమె బిందె ఎత్తి ఆయన మీద కుమ్మరించింది. ఫ్యాను చాలా రోజులకి గిర్రున తిరిగింది. తడిబట్ట మీద గాలి తగిలి ఆయన రెప్పలు కదిలాయి. ఇంతలో రెండయింది. కరెంటు తీసేశారు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడోరోజు పొద్దున పోయాడు. గుండె ఆగి పోయాడని కాగితం మీద రాశారు. గుండె ఆగకుండా ఎవరు పోయారు గనక! రేకు అని గాని, కోత అని గాని, ఒకటి అని గాని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

వైండింగ్ మేస్త్రి ఊరుకోలేదు. గడప గడపకీ తిరిగి ఐదు మీద పెట్టుకోమని చెప్పాడు. "నీ కొత్త రెగ్యులేటర్లు మాకు అంటగట్టడానికా?" అన్నారు. అతను వీధిలో మేస్త్రి, అవతల ఆఫీసరు. ఎవరి మాట నెగ్గుతుంది? స్విచ్చమ్మ ఒక్కమాట చెబితే నమ్మేవారు. ఆమె నోరు విప్పలేదు. విప్పితే, ఆయన దేనివల్ల పోయాడో చెప్పాలి. ఎవరి చేతిమీదుగా పోయాడో కూడా చెప్పాలి. తలుపు వేసుకుని కూర్చుంది. మూడు వరసల్లోనూ ఫ్యాన్లు ఒకటి మీదే తిరిగాయి.

పదిహేను రోజులకి వ్యాను మళ్ళీ వచ్చింది. "పిన్నీ, నువ్వు రాకులే," అంది కుట్టుమిషనామె. స్విచ్చమ్మ అందరికంటే ముందెక్కింది.

హాల్లో అదే చల్లదనం. ఆఫీసరు మొహం చిట్లించుకుని ఉన్నాడు.

"మీ లైన్లలో రీడింగు తగ్గలేదు. ఎవరూ మనసు పెట్టి చెయ్యలేదన్నమాట. ఈ నెలయినా గట్టిగా..."

"చేశాం సార్," అంది స్విచ్చమ్మ లేచి. "అందరిచేతా నేనే చేయించాను. మా గోడల మీదున్నవి పాత డబ్బాలు. ఒకటి మీద పెడితే గాలి తగ్గుతుంది గాని కరెంటు తగ్గదు. మా ఆయన్ని అట్లాగే ఉడకబెట్టి చంపుకున్నాను."

ఆఫీసరు కాగితాలు సర్దుకున్నాడు.

"అయ్యో... పాత రెగ్యులేటర్లు మార్చుకోవాలని పోయినసారి పంచిన కరపత్రం వెనకాల వేశాం కదమ్మా. చూసుకోలేదా?"

"అది సబ్బుబిళ్ళ కాగితం మీద కంటే చిన్న అక్షరాల్లో వేశారు," అంది కుట్టుమిషనామె.

స్విచ్చమ్మ ఆయన వైపు చూడటం మానేసింది. ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు, పసివాళ్ళు ఉన్నారు కదే. పొద్దున వచ్చేటప్పుడు వాళ్ళకి చెమట పడుతోందా, లేదా? ఎవరన్నా చూశారా?"

కుట్టుమిషనామె గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ నోరు తెరిచింది. మూసుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు వైపు పరుగెత్తింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక పదిమంది. కుర్చీలు పడిపోయాయి. వ్యాను కోసం ఎవరూ ఆగలేదు. ఆ ఎండలో, రోడ్డు మధ్యన, కొంగులు నెత్తిన వేసుకుని లైన్ల వైపు పరుగులు తీశారు.

స్విచ్చమ్మ నిలబడ్డచోటే నిలబడింది. ఆమె ఎవరి కోసం పరుగెత్తాలి?

ఆఫీసరు ఖాళీ కుర్చీలన్నీ ఓసారి చూసి, గుమ్మం దగ్గరున్న అటెండరుతో అన్నాడు: "ఒక్క మనిషికి ఇంత ఏసీ ఎందుకయ్యా? ఆపెయ్."

"ఆపించండి సార్," అంది స్విచ్చమ్మ. "మా ఆయన ఫ్యాను తగ్గించేటప్పుడు నేనూ అట్లాగే అనుకున్నాను."