రిలీవర్ రాని డ్యూటీ

క్రిస్టీ ఇరవై మూడు స్లైడ్లు చూపించింది. 1908లో పీచ్ పళ్ల లోడింగ్ కోసం స్టేషన్ కట్టడం, పత్తి బేళ్లు, తెల్లవాళ్లకొకటి నల్లవాళ్లకొకటిగా రెండు వెయిటింగ్ రూములు, 1971లో ఆఖరి రైలు. అంతా ఓపిగ్గా విని, హార్లన్ తాత తాళంచెవి ఇవ్వనన్నాడు.

ఎనభై ఎనిమిదేళ్ల హార్లన్ ఆ స్టేషన్‌కి ఆఖరి ఏజెంటు. రైళ్లు ఆగి ముప్ఫై ఎనిమిదేళ్లయినా రోజూ వచ్చి తలుపు తీసి, ఊడ్చి, గోడ గడియారానికి కీ ఇచ్చి వెళ్తాడు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల చర్చికి స్టేషన్ లీజుకిస్తామని టౌన్‌వాళ్లు ఒప్పుకున్నారు. ముసలాయన దగ్గర్నుంచి తాళంచెవి లాక్కునే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఇన్నాళ్లూ స్కూల్ జిమ్‌లో జరుపుకుంటున్న ఆరాధనలు ఈ నెలతో సరి. ఈస్టర్ రెండు వారాల్లో ఉంది. కంప్యూటర్లు చదివిందిగా, ఒప్పిస్తుందిలెమ్మని పాస్టర్‌గారు క్రిస్టీని పంపారు.

"ఏమంటాడమ్మా?" కారులో అడిగారు వాళ్ల నాన్న ఆమోసుగారు. సామర్లకోటలో స్టేషన్ మాస్టరుగా రిటైరై, ఆర్నెల్లకని కూతురి దగ్గరికొచ్చారు.

"తనని రిలీవ్ చేయడానికి ఎవరూ రాలేదంట డాడీ! కంపెనీయే లేదు, ఎవరొస్తారు? కొంచెం తిక్కనుకుంటా."

"తిక్క నీకు. రిలీవర్ రాకుండా డ్యూటీ ఎలా దిగుతాడు? తుఫానప్పుడు నేను మూడ్రోజులు దిగలేదు. మీ అమ్మ క్యారేజీ పంపేది."

మర్నాడు పొద్దున్నే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లారు. హార్లన్‌కి సెల్యూట్ చేసి, రిజిస్టర్ అడిగారు. క్రిస్టీ మధ్యలో ఇంగ్లీషు చేసి పెట్టింది. ఆమోసుగారు సామాన్ల లెక్క రాసుకున్నారు: లాంతర్లు రెండు, గడియారం ఒకటి, బెంచీలు మూడు.

"నాలుగు," అన్నాడు హార్లన్. "ఒకటి వెనకుంది."

వెళ్లి చూసి నాలుగు చేశారు. ఆఖరి రైలు ఎంట్రీ కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు, చార్జి అప్పగింత, ఎనిమిదీ నలభై. హార్లన్ బెల్టు నుంచి తాళంచెవి ఊడదీసి ఇచ్చాడు. తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు.

"ఇంటికెళ్లి టిఫిన్ తిని పడుకోమను," అన్నారు ఆమోసుగారు.

క్రిస్టీ చెప్పింది. ముసలాయన ఆమోసుగారి చేయి చాలాసేపు పట్టుకుని, వెళ్లిపోయాడు.

"పద డాడీ, పాస్టర్‌గారికి తాళంచెవి ఇచ్చేద్దాం."

ఆమోసుగారు కుర్చీలోంచి కదల్లేదు. "డ్యూటీలో ఉన్నాను. జూన్‌లో నా ఫ్లైటు. రిలీవర్ ఎవరు?"

క్రిస్టీకి వచ్చే వారం, దేశానికి ఆ చివరున్న శాంటా క్లారా కంపెనీతో ఇంటర్వ్యూ ఉంది. రిజిస్టర్ వైపు చూసింది, గడియారం వైపు చూసింది. "ఆదివారాలైతే ఓకే," అని గొణుగుతూ పెన్ను తీసింది.

"సంతకం తర్వాత," అన్నారాయన. "ముందు బెంచీలు లెక్కపెట్టు."