వందసార్లు చెప్పాడన్న మాట

మా అల్లుడి చావుకు పరిహారం అడుగుతూ మా అమ్మాయి వేసిన దావా కుంటుతోందంటే, ఆ తప్పు గోదాము వాళ్ల లాయరుది కాదు. నా నోటిది.

అల్లుడు బట్టల గోదాములో సరుకుల లిఫ్టు నడిపేవాడు. మూడో అంతస్తులో లిఫ్టు తలుపుకి గడియ పడేది కాదు. లిఫ్టు కింద ఉన్నా పైన తలుపు తెరుచుకునేది. ఒకనాడు మూట లాక్కుంటూ వెనక్కి నడిచి, ఉందనుకున్న లిఫ్టులోకి కాలు పెట్టాడు. లిఫ్టు లేదు. ఇందులో నేను కలిపిందేమీ లేదు. కలపడానికి నాకు నోరు రాలేదు కూడా.

"అతని భార్య, పిల్లలు, కన్నవాళ్లు అడగొచ్చు. మామగారికి హక్కు లేదు," అంది మా లాయరమ్మ మొదటిరోజే.

"మరి నాచేత ఇన్ని మెట్లెందుకు ఎక్కించావమ్మా?"

"గడియ పాడైందని అతను ముందే చెప్పినా సూపర్వైజరు పట్టించుకోలేదని తేలాలి. అప్పుడే కేసు నిలుస్తుంది. వాళ్లేమో ఎవరూ చెప్పలేదంటున్నారు. విన్నది మీరొక్కరే."

నిజమే. రోజూ మధ్యాహ్నం వాడికి క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. వాడు తినేదాకా మూటల మీద కూర్చుని కూలీలకు కబుర్లు చెప్పేవాణ్ణి. అక్కడ నా పేరు కోతల తాత.

లాయరమ్మ గుమస్తా నా వాంగ్మూలం టైపు చేస్తూ, "ఎన్నిసార్లు చెప్పాడు?" అన్నాడు.

"వందసార్లు చెప్పాడయ్యా!"

టకటకా కొట్టేశాడు. నేను చదవకుండానే సంతకం గీకేశాను. స్నానానికి లేవరా అని పిల్లలకి వందసార్లు చెప్పామంటే ఎవరైనా వేళ్లు మడిచి లెక్కపెట్టారా? మనుషులకైతే అర్థమవుతుంది. కాగితానికి ఆపాటి ఇంగితం లేదు.

రెండేళ్ల వాయిదాల తర్వాత నన్ను బోనెక్కించారు. గోదాము లాయరు చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

"పెద్దాయనా, మీ అల్లుడు మూడో అంతస్తులో ఎన్ని రోజులు చేశాడు?"

"ఇరవై ఆరు."

"వందసార్లంటే రోజుకి దాదాపు నాలుగుసార్లు. మరి మూటలెప్పుడు దించాడండీ?"

"అది మాటవరసకి బాబూ..."

"మాటవరసకి ప్రమాణం చేశారా? పోనీ, మీరొక చేపని ఒడ్డుకి లాగితే ఏరు మోకాలిలోతు తగ్గిందని గోదాములో చెప్పారట?"

"నడుంలోతు," అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. బంట్రోతు కూడా నవ్వాడు. మా అమ్మాయి మాత్రం తల దించుకుంది.

భోజనాల విరామంలో వరండాలో నన్ను పట్టుకుంది. "ఒక్క పూట, ఒక్క పూట ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను కదా నాన్నా!"

"వాడి కోసమే కదే తల్లీ, కాస్త గట్టిగా..."

"గట్టిగా వద్దు. నిజంగా ఎన్నిసార్లు?"

భుజం మీది తువాలు సర్దుకున్నాను. అసలు లెక్క చాలా చిన్నది. పైగా అందులో చివరిదాన్లో నేనున్నాను. రెండేళ్లుగా వంద వెనకాల దాక్కున్నది అందుకే.

మధ్యాహ్నం మళ్లీ బోనెక్కి, జడ్జిగారి వైపు తిరిగాను.

"మూడుసార్లు చెప్పాడండీ. మొదటిసారి సూపర్వైజరు ఫోన్లో ఉండి చెయ్యి ఊపాడు. రెండోసారి 'రాసి పెట్టుకున్నాలే' అన్నాడు. చేతిలో కలం లేదు. మూడోసారి వేరుశనగలు తింటూ, 'అంత భయమైతే ఏ గుడ్డో పెట్టి కట్టుకో' అన్నాడు. మావాడు నా వంక చూశాడు. నా తువాలు నేనే నిలువునా చించి సగం ఇచ్చాను. దాంతో తలుపు కట్టాడు. తర్వాత మూడో రోజున ముడి ఊడింది."

పోలీసులు తీసిన ఫొటోలో తలుపు పిడికి ఆకుపచ్చ అంచు పీలిక ఒకటి వేలాడుతోంది. అదేమిటో ఇన్నాళ్లూ ఎవరికీ అంతుపట్టలేదు. నా భుజం మీది సగం తీసి బల్ల మీద పెట్టాను. చిరుగు గుడ్డ ఎందుకు నాన్నా అని రెండేళ్లుగా విసుక్కుంటున్న మా అమ్మాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గోదాము లాయరు లేచాడు. "ప్రమాదమని తెలిసీ పీలికతో సరిపెట్టారన్నమాట. తప్పు మీదే. అయినా ఇదీ చేప కథేనేమో?"

నాకు ఒళ్లు మండింది. "ఏదో ఒకటి తేల్చుకో బాబూ. కట్టింది నిజమూ, కట్టుకోమన్నది కోతానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు ఫొటో పక్కన నా తువాలు పరిచి, అంచుకి అంచు కలిపి చాలాసేపు చూశారు. సూపర్వైజరుని పిలిపించమని రాసి, తువాలు కోర్టులోనే ఉంచుకుని, వాయిదా వేశారు.

గెలుస్తామో లేదో లాయరమ్మకే తెలియదు. "తప్పులో కొంత మీ మీదకి తోస్తారు. కానీ చెప్పలేదన్న మాట ఇక నిలవదు," అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఖాళీ భుజం తడుముకుంటుంటే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"వాయిదా ఎప్పటికి వేశారు నాన్నా? నాకు వినపడలేదు."

వందేళ్లకి, అనబోయాను.

"మూడు నెలలకి," అన్నాను.