పది నిమిషాల పుట్టీ

"మొన్న మంగళవారం తెచ్చిన పుట్టీ కడ్డీ. పైపుకి ఒక్కసారైనా వాడలేదు. సగం ఏమైందో అది చెప్పు చాలు," అన్నాడు ఆయన సింకు కింది అల్మరాలోంచి. తలా భుజాలూ లోపల ఉన్నాయి, కాళ్ళు వంటగదిలో ఉన్నాయి. అప్పటికి ఆ మాట అనడం నాలుగోసారి.

"ఉన్నది సరిపోతుంది కదా," అంది ఆమె. అది కూడా నాలుగోసారే.

"సరిపోవడం గురించి కాదు. చెప్పకుండా తీసుకోవడం గురించి."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడురా," అంది అత్తగారు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, చేతికర్ర పిడి మీద గడ్డం ఆనించి ఆమె ఈ తగవుని పొద్దున్న వచ్చే సీరియల్ చూసినంత శ్రద్ధగా చూస్తోంది. "ఆ బొమ్మలకే పెట్టుంటుంది. కాళ్ళకి బూట్లు కుట్టుంటుంది."

"అదే నేననేదీ! ఇక్కడ పైపు కారి ఇల్లు చెరువైపోతుంటే, అక్కడ బొమ్మలకి బూట్లు."

ఆ సగం కడ్డీ ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఆ వంటగదిలోనే ఉంది, అందరి కళ్ళెదురుగా. ఒక్క మాటతో తేల్చెయ్యొచ్చు. కానీ తెలిసిన ఇంకొకరు కూడా ఆ గదిలో ఉన్నారు. వాళ్ళే చెబుతారేమోనని చూస్తోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఇలా చూడటం బాగానే నేర్చుకుంది.

ఆదివారం కావడంతో అందరూ ఇంట్లోనే ఉన్నారు. కాలేజీలో చదివే కూతురు తలుపుకి ఆనుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. వాల్వు కట్టేశారు. ఆయన మిగిలిన కడ్డీ ముక్కని చాకుతో కోసి, నాకు తెలుసులే అంటూనే పిసికాడు. రెండు రంగుల చారలు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఇంకొంచెం పిసకండి. రెండు రంగులూ పోయి ఒకటే రంగు రావాలి. లేకపోతే గట్టిపడదు."

ఆయన పిసికాడు. పైపు పగులు మీద చుట్టి నొక్కాడు. వదలబోయాడు.

"వదలకండి. జారిపోతుంది. పది నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి."

"పది నిమిషాలా!"

"పదే."

ఆమె గోడ గడియారం చూసింది. పదీ పది.

ఆ పది నిమిషాలు ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియవు. ఆరేళ్ళ క్రితం కూతురి యాక్షన్ బొమ్మకి చెయ్యి విరిగింది. కత్తి పట్టుకున్న యోధురాలు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన పైపులకి వాడగా మిగిలిన ఎపాక్సీ పుట్టీతో ఆమె ఆ చెయ్యి అతికించింది. అతికించి ఊరుకోకుండా, మోచేతికి చిన్న కవచం కూడా తొడిగింది. మర్నాడు భుజానికి ఒకటి. ఆ వారంలో నడుముకి కాస్త ఒళ్ళు చేర్చింది. చీపురుపుల్లలాంటి నడుముతో అంత కత్తి ఎలా తిప్పుతుందమ్మా అని పిల్లే అడిగింది మరి. పుట్టీ పిసకడం మొదలుపెట్టాక చేతికి లొంగేది ఐదారు నిమిషాలు, పదో నిమిషానికి రాయి. ఆమెకి దొరికేది కూడా అంతే. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుని మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. "మీ పని ఎవరైనా చెయ్యొచ్చు మేడమ్, ఓపికుంటే చాలు," అని డాక్టరు నవ్వుతూ అనేవాడు. "నీకేం, సగం రోజు ఉద్యోగం," అని ఆయన నవ్వకుండా అనేవాడు. ఆ మిగిలిన సగం రోజూ ఆమె అందరిదీ. కుక్కరు పెట్టాక మూడో కూత దాకా పది నిమిషాలు, వాషింగ్ మెషీను ఆగేలోపు పది నిమిషాలు, అత్తగారు స్నానానికి వెళితే పది నిమిషాలు. డాక్టరు పారేయమన్న అరిగిపోయిన పళ్ళ పరికరాలు ఉడకబెట్టి తెచ్చుకుంది. కొక్కెం ఉన్నది గీతలకి, గరిటెలా ఉన్నది నున్నగా చెయ్యడానికి. పది నిమిషాల్లో బూటవుతుంది, బెల్టవుతుంది. కాస్త చెయ్యి తిరిగాక హెల్మెట్ కూడా అవుతుంది.

అలా ఆమె బొమ్మలన్నీ హెల్మెట్లు పెట్టుకున్నాయి. కూతురు ఫొటోలు తీసి బొమ్మలు సేకరించేవాళ్ళ గ్రూపులో పెట్టింది. అక్కడామెకి 'హెల్మెట్ ఆంటీ' అని పేరొచ్చింది. మాకూ ఒకటి చెయ్యండి అని అడిగేవాళ్ళు మొదలయ్యారు. 'ఈవిడ బొమ్మల మొహాలు మనకి చూపించదు. ఆ హెల్మెట్ వెనక ఏదో రహస్యం ఉంది' అని ఒకాయన ఇంత పొడుగు రాశాడు. కూతురు చదివి వినిపిస్తే ఆమె గిన్నెలు తోముతూ పొట్ట పట్టుకుని నవ్వింది. రహస్యమా! కుక్కరు మూడో కూత. అంతకు మించి ఏముంది? కళ్ళూ ముక్కూ పెదవీ పది నిమిషాల్లో కావు. మొహం చెయ్యలేక మూత పెట్టింది.

నవ్వింది కానీ, ఆ రాత్రి దిండు మీద తల పెట్టాక, ఆరేళ్ళలో ఎన్ని తలలకి మూతలు పెట్టానో అని లెక్కపెట్టబోయి మానేసింది.

కిందటి నెలలో ఒక నర్సు దగ్గర్నుంచి ఉత్తరంలాంటి మెసేజ్ వచ్చింది. 'మా అమ్మ ఫైరింజను మీద పనిచేస్తుంది. వచ్చే నెల రిటైరవుతోంది. అమ్మని యాక్షన్ బొమ్మగా చేసిస్తారా? ఫొటోలు పంపుతున్నాను. ఒక్క మనవి. హెల్మెట్ పెట్టకండి. ముప్పయ్యేళ్ళు దాని కిందే ఉంది. మాకు ఆవిడ మొహం కావాలి.'

నా వల్ల కాదని రాద్దామని మూడుసార్లు ఫోను తీసింది. నాలుగోసారి తియ్యకుండా, బజారు చివర చిన్న రైళ్ళూ రంగులూ అమ్మే షాపుకి వెళ్ళింది. ఆ షాపావిడ మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆమె తెచ్చిన బొమ్మని అటూ ఇటూ తిప్పి, "ఇది దేంతో చేశావమ్మా? పైపుల పుట్టీతోనా!" అని కళ్ళజోడు తీసేసింది. "పరుగు పందెంలో బట్టలు కుట్టినట్టుంది. చేతికి తొడుగులన్నా వేసుకుంటావా?"

"లేదు."

"అందుకే ఆ వేళ్ళమీద దద్దుర్లు."

అంట్ల సబ్బు పడటం లేదని అత్తగారు రెండేళ్ళుగా తేల్చి చెబుతున్న దద్దుర్లు అవి.

షాపావిడ రెండు రకాలు బల్ల మీద పెట్టింది. రెండు డబ్బాల్లో వచ్చే బూడిదరంగుది: గట్టిపడ్డాక చక్కగా గీకొచ్చు, కవచాలకీ కత్తులకీ మంచిది. పసుపూ నీలం పక్కపక్కన అంటుకుని రిబ్బనులా వచ్చేది: కలిపితే పచ్చగా అవుతుంది, సాగుతుంది, మొహానికి అదే. "మధ్యలో రెండు రంగులూ తగులుతున్న చోట సన్నగా కోసి పారెయ్యి. అక్కడ అప్పటికే పలుకు కట్టి ఉంటుంది. నీలం ఎక్కువ వేస్తే గట్టిగా వస్తుంది, పసుపు ఎక్కువైతే మెత్తగా. చేత్తో కాదు, పరికరం తడి చేసుకుని పని చెయ్యి. మొదట జిగురుజిగురుగా మొండికేస్తుంది. అరగంట ఓపిక పట్టు, అప్పుడు మాట వింటుంది."

"ఎంతసేపు ఉంటుంది?"

"గంటన్నర. మరీ చల్లగా ఉంటే ఇంకాస్త."

గంటన్నర అన్న మాట ఎవరో చీరల షాపులో ధర చెప్పినట్టు వినిపించింది ఆమెకి. తీసుకుంటుందా పెట్టేస్తుందా అని షాపావిడ చూస్తోంది. తీసుకుంది.

మొదటి రోజు చివరి గదిలో కూర్చుని, తొడుగులు వేసుకుని, గోళీకాయంత తల మీద పచ్చటి ముద్ద పెట్టింది. కళ్ళ గుంటలు నొక్కింది. బుగ్గ ఎముక లేపింది. అప్పుడు అత్తగారు టీ అంది. టీ పెడుతుంటే ఆయన ఫోను చేసి, బీరువాలో ఏదో కాగితం ఉందో లేదో చూడమన్నాడు. చూస్తుంటే గ్యాసతను వచ్చాడు. అయిపోయింది, రాయైపోయి ఉంటుంది అనుకుంటూ గదిలోకి పరిగెత్తింది. అలవాటు మరి. ఆరేళ్ళుగా ఎన్నిసార్లు పరిగెత్తినా రాయే కనిపించింది. గోటితో మెల్లగా తాకింది.

దిగింది.

మెత్తగా ఉంది. ఎక్కడ వదిలి వెళ్ళిందో అక్కడే, అలాగే ఉంది. ఆమె కుర్చీలో కూలబడింది. ఎందుకు కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయో ముందు తెలియలేదు. ఆ ఇంట్లో ఆమె ఎవరి కోసం ఆగలేదు? కూర చల్లారేదాకా ఆగింది, పిల్ల పరీక్షలయ్యేదాకా ఆగింది, ఆయన కోపం చల్లారేదాకా ఆగింది. ఆమె కోసం ఆగిన వస్తువు మాత్రం ఇదొక్కటే, గోరంత పచ్చటి ముద్ద. ఎవరో వీపు మీది మూట దించినట్టయింది. ముక్కు చేసింది. కుడికన్ను పై రెప్ప, కింది రెప్ప, మూలన నవ్వు ముడతలు రెండు. ఫొటోలో ఉన్న ఆవిడే ఇటు తిరిగి చూసినట్టుంది.

ఎడమకన్ను మొదలుపెట్టగానే ఆయన స్నేహితుడు వచ్చాడు. నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఆమె మళ్ళీ వచ్చేసరికి గోరు దిగలేదు.

ఆ ఒంటికంటి మొహాన్ని ఆమె చేతిలో పెట్టుకుని చూసింది. కోపం రాలేదు. అది చెప్పినంతసేపూ ఆగింది. గంటన్నర అంది, గంటన్నరా ఉంది. రానిది తనే.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు ఆయన సింకు కింద.

"నాలుగు నిమిషాలయింది. ఇంకా ఆరు."

హాల్లో ఆయన ఫోను మోగింది. "అది మా మేనేజరై ఉంటాడు! ఎవరైనా తీయండి! వద్దు, నేనే మాట్లాడాలి..." కాళ్ళు నేల మీద కొట్టుకున్నాయి. చేతులు మాత్రం కదల్లేదు. ఫోను ఆగి మళ్ళీ మోగింది. వీధి గంట కూడా మోగింది.

"ఒరే, ఆ బూజుకర్ర ఎక్కడ పెట్టావురా?" అంది అత్తగారు అప్పుడే గుర్తొచ్చినట్టు. "చెప్పరా. వచ్చి తీసిపెట్టి మళ్ళీ దూరుదువుగాని."

"అమ్మా! వదిలితే ఊడిపోతుందే! వదలకపోతే ఫోను! ఆ గంటేంటి? ఒక్క పది నిమిషాలు మనిషిని తన పని చేసుకోనివ్వరా ఈ ఇంట్లో!"

ఆయన గొంతు పైపుల మధ్య ఇంకా తిరుగుతోంది. కూతురు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూతురి వంక చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఎలా చెప్పాలా అని వెతుకుతున్న మాట. ఆయనే చెప్పేశాడు, అదీ అల్మరాలో తలపెట్టి.

ఆమె చివరి గదిలోకి వెళ్ళి, ఒంటికంటి తలని తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. కూతురు వీధి తలుపు తీసి, పొరపాటున వచ్చినవాళ్ళని పంపేసి తిరిగొచ్చింది.

"ఇదెవరే? ఒక కన్ను లేదు?" అంది అత్తగారు వంగి చూస్తూ. "ఉన్న కన్ను మాత్రం భలే ఉంది. తిట్టబోయి నవ్వినట్టు."

"ఫైరింజనావిడ. రెండో కంటికి టైము చాలలేదు అత్తయ్యా." తర్వాత సింకు వైపు తిరిగింది. "సగం కడ్డీ అడిగారుగా. అది అత్తయ్య కర్ర పిడిలో ఉంది. బుధవారం పిడి పగిలితే అతికించాను. నేనా పైపుల పుట్టీ బొమ్మలకి వాడటం మానేసి మూడు వారాలైంది."

అత్తగారి అరచెయ్యి పిడిని కప్పేసింది. "అవునురా... చెబుదామనే అనుకున్నా. నువ్వు సందివ్వందే!"

సింకు బయట ఉన్న కాళ్ళు ముడుచుకున్నాయి.

ఆమె గొంతు పెంచలేదు. బల్ల తుడుస్తూ చెప్పే మాటలాగే చెప్పింది. "రోజూ నాలుగింటి నుంచి ఆరింటి దాకా నేను ఇంట్లో ఉండను."

"ఎక్కడికెళ్తావ్?" అన్నాడు ఆయన.

"ఎక్కడికీ వెళ్ళను. చివరి గదిలో తలుపేసుకుని ఉంటాను. కానీ ఉండను."

"ఇదేం చోద్యమే! ఇంట్లో ఉండి లేకపోవడమేమిటి?" అంది అత్తగారు.

"పొద్దున్న నేను క్లినిక్‌లో ఉన్నప్పుడు మీకు పదకొండింటి టీ ఎవరు పెడుతున్నారు అత్తయ్యా?"

"ఎవరు పెడతారు? నేనే పెట్టుకుంటున్నా."

"అంతే."

అత్తగారు ఆ తలని దగ్గరికి జరుపుకుని, మళ్ళీ ఆ ఒక్క కన్ను వంక చూసింది. "మరి ఎవరన్నా వస్తే?" అన్నాడు ఆయన, ఈసారి కాస్త తగ్గి.

"అమ్మ లేదని చెప్తాం నాన్నా," అంది కూతురు.

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఆమె వంగి, అల్మరాలోకి చెయ్యి పెట్టి, ఆయన వేళ్ళ మధ్య నుంచి పుట్టీని గోటితో నొక్కి చూసింది. దిగలేదు.

"గట్టిపడింది. ఇక మీరు వదిలెయ్యొచ్చు," అంది. లేచి నిలబడి చేతులు తుడుచుకుంది. "నేను ఇవాళ నాలుగింటి నుంచే మొదలుపెడుతున్నా."